తడి తరుగు

నాకు ముక్కు మీద కోపం. చర్ల బజారులో ఎవరినడిగినా ఈ మాట చెబుతారు. మా ఆయన మహబూబ్ అలీ ఒక్కడే చెప్పడు, ఎందుకంటే ఆయన నాతో ఒకే ఇంట్లో ఉండాలి. ముప్పై ఏళ్ళుగా మా దుకాణంలో కాటా దగ్గర నిలబడేది నేనే. ఆయన మెత్తని మనిషి. ఎదుటివాడు కాస్త ముఖం చిన్నబుచ్చుకుంటే చాలు, ఈయన ముల్లు వంక చూడటం మానేసి వాడికి చాయ్ పోయిస్తాడు. అట్లా అయితే దుకాణం నడిచినట్టే.

మేం అడవి సరుకు కొంటాం. వేసవిలో ఇప్పపువ్వు, చింతపండు, చలి మొదలయ్యాక కరక్కాయలు, మధ్యలో కందులు, మొక్కజొన్నలు. దూలానికి కొక్కెం, కొక్కేనికి గుండ్రని ముల్లు కాటా, దాని కింద సంచి. ముల్లు ఎక్కడ ఆగిందో చూసి, తరుగు తీసేసి, మిగిలింది గట్టిగా చెబుతాను. గోనెసంచికి ఒక కిలో తరుగు. వానలు మొదలైతే సరుకు తేమ పీల్చుకుంటుంది కాబట్టి తడికని ఇంకో రెండు కిలోలు. ఈ పద్ధతి నేను పెట్టింది కాదు, మా మామగారి నాటిది. తెచ్చేవాళ్ళకూ తెలుసు, తూచేవాళ్ళకూ తెలుసు. చూడటం, తీసేయడం, చెప్పడం, మూడూ రెప్పపాటులో అయిపోతాయి నాకు. నిద్రలో లేపి అడిగినా తరుగు తీసే చెబుతానని మా ఆయన ఎగతాళి చేసేవాడు. నేనూ నవ్వేదాన్ని.

చిన్నక్క మాకు ఆ కాటా దగ్గరే పరిచయం. పేరు చిన్నక్క గాని, వయసులో నా కూతురి కంటే చిన్నది. వాగు అవతల గూడెం. భర్త గోపాలు వేంసూరు దిక్కు పామాయిల్ తోటల్లో కూలికి పోతాడు, నెలకోసారి వస్తే గొప్ప. పోడు చేను, ఇల్లు, మూడేళ్ళ కొడుకు, అన్నీ ఆ పిల్ల నెత్తిమీదే. కొడుక్కి తాత పేరు పెట్టారు, దూలయ్య అని. జానెడు లేడు, పేరు చూస్తే ఊరి పెద్దది. నేను వాణ్ని "దూలయ్యగారూ, దయచేయండి" అని పిలిస్తే వాడు నిజంగానే పెద్దమనిషిలా తల ఊపేవాడు.

మొన్న మే నెలలో, సంత రోజు, వాళ్ళమ్మ ఇప్పపువ్వు సంచి దింపుతుండగా వాడు కాటా కింద పడిపోయాడు. కళ్ళు తేలేశాడు, కాళ్ళూ చేతులూ కొట్టుకున్నాడు. అంత నోరున్న నాకు ఒక్క మాట రాలేదు. మా ఆయనే వాణ్ని పక్కకు తిప్పి పడుకోబెట్టి, నోట్లో ఏమీ పెట్టకండని అందరినీ ఆపాడు. అంతకుముందు కూడా చాలాసార్లు అట్లా వచ్చిందని చిన్నక్క అప్పుడు చెప్పింది. ఎన్నిసార్లని అడిగితే నడుము దగ్గర నుంచి ఒక నూలుతాడు తీసి చూపింది. ఫిట్స్ వచ్చినప్పుడల్లా ఒక ముడి వేసిందట. దేవర ముందు పెట్టి మొక్కుకోవడానికి దాచింది. తొమ్మిది ముళ్ళున్నాయి.

నా కూతురి కూతురు, నన్ను నానీ అని పిలిచే సైమా, ఖమ్మంలో ఫార్మసీ చదువుతుంది. ఆ పిల్లే భద్రాచలం నుంచి ఖమ్మం దాకా తల్లీకొడుకుల వెంట తిరిగింది. అక్కడ ఉదయ్ భాస్కర్ అని పిల్లల ఫిట్స్ డాక్టరు వాడికి పరీక్షలు చేయించి సిరప్ మొదలుపెట్టాడు. అప్పుడు వాడి బరువు పదకొండు కిలోలు. ఇకనుంచి ఇంత దూరం రానక్కర్లేదు, వీడియోలో చూస్తానన్నాడు. చీటీ ఫోన్‌కు పంపుతాడు, భద్రాచలంలో మందుల షాపువాళ్ళు సీసా కట్టి చర్ల బస్సెక్కిస్తారు. ఒక్కటే మాట గట్టిగా చెప్పాడట: ఈ మందు బరువును బట్టి ఇచ్చేది, పిల్లవాడు పెరిగేకొద్దీ మందూ పెరగాలి, కాబట్టి మాట్లాడే ప్రతిసారీ బరువు చూసి చెప్పాలి. సైమా మందు సిరంజి మీద రెండున్నర దగ్గర తన గోళ్ళరంగుతో ఎర్రగీత పెట్టింది. అక్షరం రాకపోయినా గీత తెలుస్తుంది కదా. చిన్నక్క ఆ సిరంజిని పసుపు గుడ్డలో చుట్టి దాచుకునేది.

గూడెంలో సిగ్నల్ ఉండదు. అందుకని సంత రోజు మా దుకాణం మేడమీద, నా ఫోన్లో మాట్లాడేటట్టు ఏర్పాటు. ఆగస్టులో మొదటిసారి డాక్టరు ఫోన్లోకి వచ్చాడు. ముఖం కనిపిస్తే మాట రాదు, మాట వస్తే ముఖం ముక్కలు ముక్కలవుతుంది. దవాఖానాకు తీసుకుపోయి బరువు చూడండి అన్నాడు. నాకు రోషం వచ్చింది. దవాఖానా దాకా ఎందుకు సార్, ఏటా సర్కారు ముద్ర వేయించుకునే కాటా మా ఇంట్లోనే ఉందన్నాను. అది మాత్రం అబద్ధం కాదు. ఫోన్‌తోనే కిందికి దిగి, దూలయ్యను గోనెసంచిలో కూర్చోబెట్టి, తల బయటకు పెట్టించి, కొక్కేనికి తగిలించాను. వాడికి అది ఉయ్యాల, కిలకిల నవ్వాడు. ముల్లు చూసి చెప్పాను.

"పదిన్నర."

పదకొండు ఉన్న పిల్లవాడు అరకిలో ఎట్లా తగ్గాడన్నాడు డాక్టరు. తాడులో కొత్త ముడి ఒకటే ఉంది. బరువు పెరగలేదు కాబట్టి మందు అంతే ఉంచుదాం, తిండి బాగా పెట్టమనండి అన్నాడు. ఫోన్ పెట్టగానే నాకు ఒళ్ళు మండింది. నేను వదిలే మనిషినా?

"ఏం పెడుతున్నవే పిల్లగానికి? గాలి పెడుతున్నవా?"

చిన్నక్క తల వంచుకుంది. పెడుతున్ననమ్మా అని మెల్లగా అంది. గుడ్లు, పల్లీలు, డబ్బాలో ఉన్న ఖర్జూరాలు మూట కట్టి ఆమె చేతిలో పెట్టాను. తిట్టి, పెట్టి, ఆ రాత్రి గొప్ప పుణ్యం చేసినదానిలా హాయిగా నిద్రపోయాను. ఇప్పుడు తలుచుకుంటే నా మీద నాకే అసహ్యం వేస్తుంది.

అక్టోబరు వచ్చింది, వాన మాత్రం పోలేదు. దసరా సెలవులకు సైమా వచ్చింది. సంత రోజు చిన్నక్క కొడుకును చంకనేసుకుని వాగు దాటి, ఆటో ఎక్కి వచ్చింది. వస్తూనే తాడు నా చేతిలో పెట్టింది. కొత్తగా నాలుగు ముళ్ళు. చివరిది మొన్ననే, చేనులో, బురదలో పడ్డాడట. ముఖం బురదలో ఉండగా తను అవతలి గట్టు మీద ఉందట. పరుగెత్తి వచ్చి నోరు తుడిచేసరికి పెదాలు నల్లబడ్డాయని చెప్పింది. ఏడవలేదు. చెప్పేటప్పుడు వాడి నోటినే మళ్ళీ మళ్ళీ కొంగుతో తుడిచింది.

సైమా ఫోన్ పట్టుకుని మేడమెట్ల మీద కూర్చుంది. నేను వాణ్ని సంచిలో పెట్టి తగిలించాను.

"పదకొండు," అన్నాను.

డాక్టరు గొంతు మారింది. అయిదు నెలలైనా పిల్లవాడు ఏమాత్రం పెరగలేదు, ఫిట్స్ మళ్ళీ వస్తున్నాయి, లోపల ఇంకేదో జబ్బు ఉండొచ్చు, ఇక ఫోన్లో లాభం లేదు అన్నాడు. ఖమ్మం తీసుకురావాలి, పదిహేను రోజులు ఉంచుకుని అన్ని పరీక్షలూ చేయాలి, ఆలస్యం చేయొద్దు అన్నాడు. చిన్నక్క అంతా విని ఒక్కటే అడిగింది, నా బిడ్డ బతుకుతడా సార్ అని. ఆయన బతుకుతాడమ్మా, అందుకే రమ్మంటున్నా అన్నాడు.

చేను కోతకు వచ్చింది. కాపలా లేకపోతే ఒక్క రాత్రిలో పందులు ఊడ్చేస్తాయి. ఏడాది తిండి అది. ఆ సంగతి నాకూ తెలుసు, సైమాకూ తెలుసు. చిన్నక్క దాని మాటే ఎత్తలేదు. ఇంటికి పోయి బట్టలు తెచ్చుకుని పొద్దున బస్సుకు వస్తానంది. నేను నోరు మూసుకుని ఉండొచ్చు కదా? ఉండలేదు. ఇన్ని గుడ్లు, ఇన్ని పల్లీలు ఇస్తే పిల్లవాడికి పట్టకుండా ఎక్కడికి పోతున్నాయని అడిగాను. అప్పుడు ఆ పిల్ల నా వైపు చూసింది.

"అన్నీ వానికే పెడుతున్న బీబమ్మా. నా ముద్దల సగం గూడ వానికే. వాగు కాడ ఎత్తుకుంటే బరువైండనే అనిపిస్తది. నడుం పీకుతది, దారిల రెండు తాపల కూసుంట. పిల్లగాడు పెరగలేదని నువ్వు చెప్పినవ్ గద, ఇగ నా ఒంట్లనే బలం పోయిందనుకున్న."

అట్లా అని కొడుకును చంకనేసుకుని మెట్లు దిగి వెళ్ళిపోయింది. ఆ మాట చెవిలో పడింది గాని బుర్రకు ఎక్కలేదు, సంత రోజు హడావిడి. వెంటనే బొజ్జయ్య అనే ముసలాయన మొక్కజొన్నల సంచి తెచ్చి కొక్కేనికి తగిలించాడు. నేను ముల్లు చూసి ముప్పై అన్నాను. పక్కనే నిలబడ్డ సైమా ముల్లు ముప్పైమూడు దగ్గరుంది కదా నానీ అంది.

"సంచికి కిలో, తడికి రెండు. వానాకాలం గదే, తరుగు తియ్యకపోతే ఎట్ల..."

అక్కడే నాలుక ఆగిపోయింది.

సైమా నా ముఖం చూసి ఏమైందని అడుగుతోంది. ఆ పిల్లవాణ్ని సంచిలో పెట్టి తగిలించినప్పుడు ముల్లు ఎక్కడుందో గుర్తుతెచ్చుకోవాలని చూశాను. గుర్తు రాలేదు. నాకెప్పుడూ ముల్లు గుర్తుండదు, తీసేయగా మిగిలిందే గుర్తుంటుంది. ముప్పై ఏళ్ళ అలవాటు. ఆగస్టులోనూ వాన, ఇవాళా వాన. సంచికి కిలో, తడికి రెండు. ఖమ్మంలో వాణ్ని సంచిలో తూచలేదు, తరుగూ తీయలేదు. నా కాటా ఎక్కాకే వాడి పెరుగుదల ఆగిపోయింది.

చెప్పుల్లేవు, ముసుగు సరిగా లేదు, అట్లాగే బజారులో పడ్డాను. నేను పరుగెత్తడం చర్లలో ఎవరూ చూసి ఉండరు. దారిలో ఇద్దరు ఏమైంది ఖమరున్నీసమ్మా అని అడిగారు, వాళ్ళను నెట్టుకుని వెళ్ళాను. ఆటో అడ్డా దగ్గర చిన్నక్క ఆటో ఎక్కి కూర్చుంది, చుట్టూ తొమ్మిది మంది, ఒడిలో దూలయ్య. నన్ను చూసి ఆ పిల్ల బెదిరింది. మళ్ళీ తిట్టడానికే వచ్చాననుకుంది. పొద్దున తప్పకుండా వస్తానమ్మా అని ముందే చెప్పేసింది. నేను ఆటో కమ్మీ పట్టుకున్నాను. ఇంటికి తీసుకుపోయి నెమ్మదిగా చెబుదామా అని ఒక్క క్షణం అనిపించింది. తిట్టింది అందరి ముందు కదా, ఇదీ అందరి ముందే చెప్పాలనుకున్నాను.

"దిగు బిడ్డా. నీ కొడుకు బరువు నేను తప్పు చెప్పిన."

చిన్నక్క దిగింది. కొడుకును ఎత్తుకుని నా వెంట నడిచింది.

దుకాణంలో సైమాను స్టూలెక్కించి ముల్లు ముందు నిలబెట్టాను. నా కళ్ళ మీద నాకు నమ్మకం పోయింది. దూలయ్య మళ్ళీ ఉయ్యాల అనుకుని నవ్వుతూ సంచిలో దిగాడు. సైమా పద్నాలుగు అంది. వాణ్ని దింపి ఖాళీ సంచి తగిలించాం. కిలో. పిల్లవాడు పదమూడు కిలోలు. అయిదు నెలల్లో రెండు కిలోలు పెరిగాడు. ఆ తల్లి తన నోటి ముద్ద తీసి పెంచిన రెండు కిలోలు, సరిగ్గా ఆ రెండింటినీ నేను తడి కింద తీసేశాను. మందు మాత్రం పదకొండు కిలోల పిల్లవాడి మందే. చాలక ముళ్ళు పడ్డాయి.

అంతా విడమరిచి చెప్పాను. మా ఆయన గుమ్మంలో నిలబడి నేల చూస్తున్నాడు. చిన్నక్క కాటా వంక చూసింది, నా వంక చూసింది.

"వానిక్కూడ తరుగు తీసినవా బీబమ్మా?"

కోపంగా అనలేదు. కోపంగా అంటే బాగుండేది, దానికి జవాబు నాకు చేతనవును. తల కొట్టేసినట్టయింది. ఆ పిల్ల చేతులు పట్టుకుని, తప్పయింది తల్లీ, మాఫ్ చెయ్యి అన్నాను. నా జన్మలో ఆ మాట మా ఆయనతో కూడా అనలేదు.

ఆమె చేతులు విడిపించుకుంది. విడిపించుకున్నది కొడుకు కోసం. వంగి వాణ్ని ఎత్తి చంకలో సర్దుకుంది, ఒకసారి ఎగరేసి మళ్ళీ సర్దుకుంది. నవ్వింది. మే నెల నుంచి ఆ పిల్ల నవ్వడం నేను చూడలేదు.

"అయితే నా నడుం మంచిగనే ఉన్నది," అంది.

మరుక్షణం కొడుకు భుజంలో ముఖం పెట్టుకుని ఏడ్చింది. నేనూ ఏడ్చాను. వాడు మా ఇద్దరి ముఖాలూ మార్చి మార్చి చూసి, పెద్దమనిషి కదా, ఒక చేత్తో తల్లి ముఖం, ఇంకో చేత్తో నా ముఖం తుడిచాడు.

డాక్టరుకు సైమా చెబుతానంది. ఫోన్ లాక్కుని నేనే చెప్పాను, తరుగంటే ఏమిటో, ఎందుకు తీస్తామో, ఎట్లా పొరపాటైందో. ఆయన తిడతాడని కాచుకున్నాను. ఆయన పూర్తిగా విన్నాడు. పదమూడంటే పిల్లవాడు బాగా పెరుగుతున్నాడన్నాడు. ఇన్నాళ్ళూ తక్కువ మందు తాగాడు, అందుకే ఫిట్స్ తిరిగి వచ్చాయి, మందు మూడుకు పెంచుదాం, ఇప్పుడు ఖమ్మం రానక్కర్లేదు, మళ్ళీ ముడి పడితే మాత్రం ఆ రోజే ఫోన్ చేయండి అన్నాడు. ఇక మీద బరువు దవాఖానాలోనే చూపించమని కూడా చెప్పాడు. మీ కాటా మంచిదే అమ్మా, నోరే కొంచెం తొందర అన్నాడు. ఆ మాట విని మా ఆయన ఇప్పటికీ నవ్వుతాడు.

సాయంత్రం బస్సులో కొత్త సీసా వచ్చింది. సైమా దూదితో సిరంజి మీది పాత గీత చెరిపి, మూడు దగ్గర కొత్త గీత పెట్టింది. ఆరే దాకా చిన్నక్క దాన్ని రెండు వేళ్ళతో పట్టుకుని ఊదుతూ కూర్చుంది. ఇద్దరినీ మా ఆయనే ఆటోలో వాగు దాకా దిగబెట్టి వచ్చాడు. చేను దక్కింది.

జనవరిలో సంతకు వచ్చింది. నేను అడగకముందే తాడు తీసి నా చేతిలో పెట్టింది. అది కొత్త తాడు. ఈ కొస నుంచి ఆ కొస దాకా వేళ్ళతో తడిమాను, ఒక్క ముడీ తగల్లేదు. ముడి లేని తాడు ఎందుకు తెచ్చావంటే, నీకు చూపిద్దామనే అంది. దూలయ్య బలిసి, కాటా కింద నిలబడి, నన్ను ఉయ్యాల ఎక్కించమని గోల. ఇప్పుడు నేను ముల్లు చూడగానే ముందు ముల్లే చెబుతాను, తరుగు ఎంతో తర్వాత వేరే చెప్పి తీస్తాను. బజారులో వాళ్ళు ఖమరున్నీసమ్మకు చాదస్తం పట్టిందంటున్నారు. అనుకోనీ.

ఆ రోజు నేను వాణ్ని కాటా ఎక్కించలేదు. చిన్నక్కను అడిగాను, ఎంతున్నడే అని. ఆ పిల్ల కొడుకును ఎత్తి చంకలో వేసుకుంది, కళ్ళు మూసుకుని కాసేపు నిలబడింది.

"పద్నాలుగు. కొంచెం తక్కువ."

తర్వాత దవాఖానాకు పోయి మిషను మీద నిలబెట్టాం. పదమూడు కిలోల ఎనిమిది వందల గ్రాములు. చీటీ పట్టుకుని వచ్చి, మేడమీద నుంచి డాక్టరుకు ఫోన్ కలిపాను. ఈసారి సిగ్నల్ నిలిచింది, ముఖమూ మాటా రెండూ వచ్చాయి. బరువెంత అని అడిగాడు, చెప్పాను. ఎవరు చూశారమ్మా, మీరేనా అని అనుమానంగా అడిగాడు.

"కాదు సార్," అన్నాను. "వాళ్ళమ్మ చూసింది."